టైనీఎస్ఏ అల్ట్రా: గదిలో ఒకలా, మేడ మీద మరోలా వాడాలి

బెంగళూరు మారతహళ్లి పీజీల్లో వైఫై ఏ గదికి అందట్లేదో, మేడ మీది లోరా గేట్‌వే (తక్కువ పవర్‌తో దూరాలకు డేటా పంపే రేడియో పరికరాల కేంద్రం) ఎంత దూరం పనిచేస్తుందో చూడడానికి చాలాకాలంగా ఈ చేతి స్పెక్ట్రమ్ అనలైజర్‌నే (ఏ ఫ్రీక్వెన్సీలో సిగ్నల్ ఎంత బలంగా ఉందో చూపే మీటర్) వాడుతున్నాను. రెండు చోట్ల మధ్య తేడా చూపడంలో దీన్ని గట్టిగా నమ్మవచ్చు. తెర మీది అంకెను ఉన్నదున్నట్టు రాసుకుంటే మాత్రం తప్పులో కాలేస్తాం.

ముందు కాన్ఫిగ్ మెనూలో 4321 కొట్టి అల్ట్రా మోడ్ తెరవాలి. లేకపోతే 800 మెగాహెర్ట్జ్ దాటదు, వైఫై కనిపించదు.

వైఫై సిగ్నల్ తెంపులు తెంపులుగా వస్తుంది కాబట్టి మ్యాక్స్ హోల్డ్ (వచ్చిన గరిష్ఠ విలువను తెర మీద నిలిపి ఉంచేది) పెట్టి కాసేపు ఆగాలి. ఛానల్ వెడల్పు 20 మెగాహెర్ట్జ్, దీని ఆర్‌బీడబ్ల్యూ (ఒక్కసారికి కొలిచే ఫ్రీక్వెన్సీ వెడల్పు) ఎంత పెంచినా 850 కిలోహెర్ట్జే. అందుకే తెర మీది గీత, ఛానల్ మొత్తం పవర్ కన్నా దాదాపు 14 డీబీ (డెసిబెల్, సిగ్నల్ బలాల తేడాకు కొలత) కింద కనిపిస్తుంది. ఫోన్ చూపే అంకెతో కలవట్లేదని మీటర్‌ను అనుమానించకండి.

గదిలో అసలు చిక్కు ప్రతిఫలనాలతో. 2.4 గిగాహెర్ట్జ్ తరంగం పొడవు 12.5 సెంటీమీటర్లు. ఇనప బీరువా పక్కన యాంటెన్నాను మూడు సెంటీమీటర్లు జరిపితే చాలు, 20 డీబీ దాకా పడిపోవచ్చు. ఒంటికి దూరంగా, ఛాతీ ఎత్తున పట్టుకుని, మీటరు మేరలో ఎనిమిది పది చోట్ల కొలవండి. డీబీఎంలను (ఒక మిల్లీవాట్‌తో పోల్చి డీబీల్లో చెప్పే సిగ్నల్ బలం) మిల్లీవాట్లలోకి మార్చి సగటు తీసి, మళ్లీ డీబీఎంలోకి తేవాలి.

మేడ మీద కథ వేరు. లోరా వాడే 865–867 మెగాహెర్ట్జ్‌ను ఆనుకునే, 869 నుంచి సెల్ టవర్ల డౌన్‌లింక్ (టవర్ నుంచి ఫోన్‌కు వచ్చే సిగ్నల్) ఉంటుంది. ఎల్ఎన్ఏ (సిగ్నల్‌ను పెంచే లోపలి యాంప్లిఫయర్) ఆన్‌లో ఉంటే ఆ జోరుకు మీటర్ ఓవర్‌లోడై లేని సిగ్నల్స్ చూపిస్తుంది. ఎల్ఎన్ఏ ఆపి, అటెన్యుయేటర్ (సిగ్నల్‌ను తగ్గించేది) 10 డీబీ, తర్వాత 20 డీబీ పెట్టి చూడండి. నిజమైన సిగ్నల్ ఎత్తు మారదు, దొంగది పడిపోతుంది.

బెంగళూరు ఎస్‌పీ రోడ్‌లో యాంటెన్నా కొనేటప్పుడు మధ్యలో పిన్ ఉందో లేదో చూసుకోండి. రౌటర్ యాంటెన్నాలు చాలావరకు ఆర్‌పీ-ఎస్ఎంఏ (పిన్ తిరగేసిన కనెక్టర్) రకం. మర చక్కగా బిగుస్తుంది గానీ లోపల పిన్ ఉండదు, రీడింగ్ బాగా తగ్గిపోతుంది.

20 డీబీఎం లోరా మాడ్యూల్‌ను నేరుగా తగిలించకండి, ఇన్‌పుట్ కాలిపోవచ్చు. మధ్యలో 40 డీబీ అటెన్యుయేటర్ వేయండి.