రిటైర్మెంట్ వీసా మీద హువా హిన్‌లో: బ్యాంకాక్ బ్యాంకుతో మా అనుభవం

థాయ్‌లాండ్‌లో రిటైర్మెంట్ వీసా మీద స్థిరపడదామనుకునే మనవాళ్లెవరైనా బ్యాంకు సంగతి అడిగితే నేను చెప్పేది ఒకటే. బ్యాంకాక్ బ్యాంకులో ఖాతా తెరవండి. అందులోనూ మీ ఇంటికి దగ్గర్లో ఉన్నదీ, విదేశీయుల పని రోజూ చేసేదీ అయిన బ్రాంచి చూసుకోండి. వడ్డీ ఎంత, యాప్ ఎలా ఉంది అన్నవి తర్వాత. ఇక్కడ మనలాంటివాళ్లకి బ్యాంకంటే డబ్బు దాచుకునే చోటు మాత్రమే కాదు, ఏటేటా వీసా నిలబడేది దాని మీదే.

నేను కాకినాడలో ప్రభుత్వ రంగ బ్యాంకులో చేసి రిటైరయ్యాను. క్యాష్ నుంచి పెన్షన్ సెక్షన్ దాకా అన్నీ చూశాను. మావారు కాలేజీలో లెక్చరర్‌గా చేశారు. అబ్బాయి ఉద్యోగం బ్యాంకాక్‌లో కావడంతో, వాడికి దగ్గరగా ఉన్నట్టూ ఉంటుంది, సముద్రం పక్కనా ఉన్నట్టుంటుందని హువా హిన్‌లో ఇల్లు తీసుకున్నాం. కాబట్టి ఇది బ్యాంకు మనిషి రాస్తున్న రివ్యూ. బ్రాంచిలో అడుగు పెట్టగానే నా చూపు ఏసీ మీదకీ సోఫాల మీదకీ పోదు, కౌంటర్ వెనక ఎవరు ఏం చేస్తున్నారన్న దాని మీదకి పోతుంది.

మేం మొదట వెళ్లింది వేరే బ్యాంకుకి. పేరు అనవసరం. పాస్‌పోర్టు, వీసా, ఇంటి అద్దె ఒప్పందం, ఇమిగ్రేషన్ వాళ్లిచ్చిన నివాస ధ్రువపత్రం, ఇక్కడి ఫోన్ నంబరు, అన్నీ తీసుకెళ్లాం. కౌంటర్‌లో ఆమె అన్నీ తిరగేసి, చివర్లో ప్రమాద బీమా కాగితం ఒకటి మా ముందు పెట్టి, ఇది తీసుకుంటేనే ఖాతా తెరుస్తామంది. టార్గెట్ల బాధ నాకు తెలియంది కాదు. మార్చి నెలొస్తే మా బ్రాంచి మీద కూడా ఇన్సూరెన్సు ఒత్తిడి ఉండేది. అయినా ఒప్పుకోలేకపోయాను. ఖాతా అడగడానికి వచ్చిన మనిషికి పాలసీ అంటగట్టడం ఏ దేశంలోనైనా తప్పే. కాగితాలు సర్దుకుని లేచి వచ్చేశాం.

ఇక్కడ ఖాతా తెరవడం చాలావరకు బ్రాంచి వాళ్ల ఇష్టాన్ని బట్టి ఉంటుంది. ఒకే బ్యాంకులో ఒక బ్రాంచి కాదన్నది పక్క వీధిలోని బ్రాంచి అవునంటుంది. అందుకే ఒకచోట కాదన్నారని నీరుగారిపోకండి.

బ్యాంకాక్ బ్యాంకు 1944లో పెట్టినది, దేశంలోని పెద్ద బ్యాంకుల్లో ఒకటి. మేం వెళ్లిన బ్రాంచి ఫెట్‌కాసెమ్ రోడ్డు మీద ఉంది. అక్కడి అమ్మాయి మా పాస్‌పోర్టులో వీసా పేజీ తీసి, "రిటైర్మెంటా? వీసా పొడిగింపు కోసమా ఖాతా?" అని అడిగింది. ఆ ఒక్క ప్రశ్నతో నాకు ధైర్యం వచ్చింది. ఎందుకు తెరుస్తున్నామో తెలిసిన మనిషికి, తర్వాత మనకేం కావాలో కూడా తెలుస్తుంది. మావారు తెలుగులో సంతకం పెడతారు. పాస్‌పోర్టులో ఉన్నట్టే పెట్టమని అంది, పెట్టారు. పాస్‌బుక్ చేతికొచ్చాక తిరగేసి చూస్తే సంతకం ఎక్కడా కనపడలేదు. ఆ తర్వాత డబ్బు తీసుకోవడానికి వెళ్లినప్పుడు ఆ అమ్మాయి పాస్‌బుక్‌ని చిన్న ఊదా రంగు దీపం కింద పెట్టింది. మావారి సంతకం, వంకరటింకర గుణింతాలతో సహా, మెరుస్తూ పైకి తేలింది. మా రోజుల్లో స్పెసిమెన్ సంతకం కోసం కార్డులు వెతుక్కునేవాళ్లం. ఇక్కడ అది ఖాతాదారు చేతిలోనే ఉంటుంది, దీపం లేనివాడికి మాత్రం కనపడదు. ఎంత బాగా ఆలోచించారో అనిపించింది.

ఇక అసలు విషయం. యాభై ఏళ్లు దాటినవాళ్లకి ఇక్కడ ఏడాది పొడిగింపు రావాలంటే థాయ్ బ్యాంకులో 8 లక్షల బాత్ చూపించాలి. మన లెక్కలో 20 లక్షల రూపాయల పైమాటే. లేదంటే నెలకి 65 వేల బాత్ ఆదాయం చూపించాలి. మన పెన్షనర్లలో ఎంతమందికి నెలకి అంత వస్తుంది? అందుకే మనవాళ్లకి డిపాజిట్ దారే గతి. ఆ సొమ్ము దరఖాస్తుకి రెండు నెలల ముందు నుంచీ ఖాతాలో ఉండాలి. పొడిగింపు వచ్చాక ఇంకో మూడు నెలలు కదపకూడదు. ఆ తర్వాత కూడా 4 లక్షలకి తగ్గకూడదు. 2019 నుంచి ఈ నిబంధన ఉంది. నన్ను మావారి మీద ఆధారపడ్డ భార్యగా చూపించి పొడిగిస్తారు, దానికి పెళ్లి సర్టిఫికెట్ కావాలి. కాబట్టి డిపాజిట్ ఆయనొక్కరి పేరు మీదే పెట్టాం.

ఇందుకే ఖాతాలు రెండు పెట్టుకోమంటాను. వీసా సొమ్ము ఉన్న పాస్‌బుక్‌కి కార్డు తీసుకోకండి, యాప్‌లో కలపకండి, కరెంటు బిల్లు కూడా దాన్నుంచి కట్టకండి. ఇంటి ఖర్చులకి వేరే ఖాతా ఉండాలి. ఒకే ఖాతాలో రెండూ నడిపితే, ఏదో ఒక నెల ఆస్పత్రి ఖర్చు వచ్చి నిల్వ గీత కిందకి దిగిందంటే ఏడాది శ్రమ పోతుంది.

పొడిగింపుకి వెళ్లే రోజు బ్యాంకు చేయాల్సిన పని రెండు కాగితాలు. ఖాతా ఫలానా వారిదే, ఇవాళ నిల్వ ఇంత అని ఇమిగ్రేషన్‌కి ఒక లెటర్. దానికి తోడు అదే రోజు ఎంట్రీ పడిన పాస్‌బుక్. ఆ రోజు తేదీ పడాలంటే ఖాతాలో ఏదో ఒక లావాదేవీ జరగాలి కాబట్టి 100 బాత్ జమ చేస్తాం. మా బ్రాంచిలో తలుపులు తీయగానే టోకెన్ తీసుకుని కూర్చుంటాం. "ఇమిగ్రేషన్ లెటర్" అనగానే ఏ విధమైన లెటరు, ఎవరి పేరున, అని మళ్లీ అడగరు. అచ్చు తీసి, పేరు స్పెల్లింగు పాస్‌పోర్టుతో అక్షరం అక్షరం సరిచూసి, ముద్ర వేసి ఇస్తారు. మన పేర్లలో ఇంటిపేరు ముందా వెనకా అన్న గొడవ ఉంటుంది కదా, ఆ అమ్మాయి దాన్ని కూడా వేలు పెట్టి చూపించి ఒప్పించుకుంటుంది. ఇది చూసి నేను లోపల్లోపల మెచ్చుకున్నాను. పేరు ఒక్క అక్షరం తేడా వస్తే మళ్లీ లైనులో నిలబడాల్సింది మేమేనని ఆమెకి తెలుసు.

డబ్బు రప్పించుకోవడంలో కూడా ఈ బ్యాంకు నాకు నచ్చింది. విదేశీ బ్యాంకు నుంచి స్విఫ్ట్ (బ్యాంకుల మధ్య అంతర్జాతీయ బదిలీ) ద్వారా వచ్చే సొమ్ము మీద 0.25 శాతం తీసుకుంటారు, కనీసం 200, గరిష్ఠం 500 బాత్. పెద్ద మొత్తానికి ఇది దండగ కాదు. బయటి దేశం నుంచి వచ్చిందని పాస్‌బుక్‌లో ప్రత్యేకమైన కోడ్ పడుతుంది, ఇమిగ్రేషన్ వాళ్లు వెతికేది దాన్నే. మన వైపు నుంచి పంపేటప్పుడు డాలర్లలో పంపండి. రూపాయల్ని నేరుగా బాత్‌లోకి మార్చి పంపితే మన బ్యాంకులు ఇచ్చే రేటు గిట్టదు. డాలర్లు ఇక్కడికొచ్చాక ఇక్కడి రేటుకి మారితేనే మేలు.

పంపేముందు టీసీఎస్, అంటే పంపేటప్పుడే బ్యాంకు ముందుగా పట్టుకునే పన్ను, లెక్క చూసుకోండి. ఇండియాలో రెసిడెంటుగా ఉన్నంతకాలం ఆర్‌బీఐ ఎల్‌ఆర్‌ఎస్ (విదేశాలకి డబ్బు పంపుకునే పథకం) కింద మనిషికి ఆర్థిక సంవత్సరానికి రెండున్నర లక్షల డాలర్ల దాకా పంపొచ్చు. కానీ 2025 ఏప్రిల్ నుంచి 10 లక్షల రూపాయలు దాటిన మొత్తం మీద, ఇలాంటి అవసరాలకైతే, 20 శాతం టీసీఎస్ పట్టుకుంటారు. అది పోయే డబ్బు కాదు, రిటర్న్ వేస్తే సర్దుబాటవుతుంది. కానీ అప్పటిదాకా చేతిలో ఉండదు. భార్యాభర్తలిద్దరి పాన్‌ల మీదా, మార్చిలో కొంతా ఏప్రిల్‌లో కొంతా పంపుకుంటే ఈ ఇబ్బంది చాలావరకు తప్పుతుంది. ఇక్కడే ఉండిపోయాక అక్కడి సేవింగ్స్ ఖాతాని ఎన్‌ఆర్‌ఓగా, అంటే విదేశాల్లో ఉండేవాళ్ల ఖాతాగా, మార్పించడం మర్చిపోవద్దు. ఇటువైపు పన్ను సంగతి కూడా ఉంది. ఏడాదిలో 180 రోజులు, ఆపైన ఇక్కడుంటే, 2024 జనవరి 1 నుంచి సంపాదించి ఇక్కడికి తెచ్చుకున్న విదేశీ ఆదాయం థాయ్ పన్ను లెక్కలోకి వస్తుంది. పాత పొదుపు ఏదో, కొత్త పెన్షన్ ఏదో తేడా చూపించే స్టేట్‌మెంట్లు దాచుకోండి.

వడ్డీ గురించి చెప్పడానికి పెద్దగా లేదు. మన సీనియర్ సిటిజన్ ఎఫ్‌డీలు చూసిన కళ్లకి ఇక్కడ ఏ బ్యాంకు సేవింగ్స్ వడ్డీ అయినా వడ్డీలా అనిపించదు. భద్రత మాత్రం బాగుంది. మన దగ్గర డిపాజిట్ బీమా 5 లక్షల రూపాయలు, ఇక్కడ ఒక్కో బ్యాంకులో ఒక్కో ఖాతాదారుకి 10 లక్షల బాత్. వీసా సొమ్ము మొత్తం ఆ నీడలోకి వస్తుంది.

రోజువారీ ఖర్చులకి యాప్ ఉంటే చాలు. చాట్‌చాయ్ మార్కెట్లో కొబ్బరిబోండాలావిడ దగ్గర కూడా క్యూఆర్ అట్టముక్క వేలాడుతూ ఉంటుంది. మన యూపీఐ అలవాటున్నవాళ్లకి ప్రాంప్ట్‌పే కొత్తేమీ కాదు. ఒకేసారి 50 వేల బాత్, ఆపైన పంపాలంటే ముఖం స్కాన్ చేయాలి. ముఖ్యంగా సిమ్ మీ పేరు మీదే ఉండాలి. పిల్లలు కొనిచ్చిన సిమ్‌తో ఖాతా తెరవకండి, ఫోన్ ఎవరి పేరున ఉందో ఖాతాతో సరిచూస్తున్నారు.

2025లో మోసగాళ్లు ఇతరుల పేరున నడిపే అద్దె ఖాతాల మీద ఇక్కడి అధికారులు విరుచుకుపడినప్పుడు ఏ పాపమూ ఎరగనివాళ్ల ఖాతాలు కూడా కొన్ని స్తంభించిపోయాయి. అప్పటి నుంచీ రెండో ఖాతా వేరే బ్యాంకులో ఉంటే మంచిదని అందరికీ చెబుతున్నాను. నాది కసికార్న్ బ్యాంకులో ఉంది, ఆకుపచ్చ బోర్డు. దాని యాప్ ఇంగ్లీషులో చక్కగా అర్థమవుతుంది.

ఆ కసికార్న్ ఖాతా నా ఒక్కదాని పేరు మీదే ఉండటానికి ఒక కారణం ఉంది. బ్యాంకాక్ బ్యాంకులో ఖాతా తెరిచే రోజు ఫారం మొత్తం వెతికాను, నామినీ గడి కనపడలేదు. అడిగితే ఆ అమ్మాయి, అలాంటిది ఇక్కడ ఉండదని చెప్పింది. సర్వీసులో నామినేషన్ లేకుండా ఒక్క ఖాతా కూడా వదలనిచ్చేదాన్ని కాను. భర్త పోయిన ఆడవాళ్లు పాస్‌బుక్ పట్టుకుని ఆఫీసుల చుట్టూ తిరగడం నేను కళ్లారా చూశాను. ఇక్కడ ఖాతాదారు పోతే బ్యాంకు ఖాతాని ఆపేస్తుంది. కోర్టు ఆస్తి నిర్వాహకుణ్ణి నియమించి ఆదేశం ఇచ్చాకే డబ్బు బయటికొస్తుంది. ఇది ఈ బ్యాంకు తప్పు కాదు, ఇక్కడి చట్టమే అంత. ఆ ఆదేశం వచ్చేలోపు అద్దె, మందులు, అంత్యక్రియలు ఆగవు. అందుకని నా ఖాతాలో ఆరు నెలల ఇంటి ఖర్చు ఎప్పుడూ ఉంచుతాం. మావారు ఇక్కడి లాయరు దగ్గర థాయ్, ఇంగ్లీషు రెండు భాషల్లో విల్లు రాయించారు. అందులో నిర్వాహకురాలిగా నా పేరు, నేను లేకపోతే అబ్బాయి పేరు ఉన్నాయి. ఖాతా తెరిచిన నెలలోనే ఈ పని కూడా చేయించుకోండి. విల్లు నకలు, పాస్‌బుక్ మొదటి పేజీ జిరాక్సు అబ్బాయి దగ్గర కూడా ఒక సెట్టు ఉన్నాయి.