ఫైబర్ పడవ అడుగుకు ఎపాక్సీ అతుకు: చాలా సీజన్లు వాడాక

భీమిలిలో పడవను ఇసుక మీదికి లాగి పెట్టుకుంటాం. ఆ రాపిడికి అడుగు మధ్య పట్టె అరిగి, పొరలు విడిపోవడం మామూలే. మొదట్లో అందరిలాగే పాలిస్టర్ రెజిన్ (గట్టిపడే ద్రవం), మ్యాట్ (నేయకుండా జిగురుతో అంటించిన గాజు పోగుల పరుపు)తో అతికించేవాణ్ణి. చవక, త్వరగా గట్టిపడుతుంది, నీటికి పైన ఉండే భాగాలకు ఇప్పటికీ అదే వాడతాను. కానీ అడుగున ఆ అతుకులు అంచుల దగ్గర లేచిపోతుంటే విసుగొచ్చి ఎపాక్సీకి, అంటే హార్డనర్ కలిపితే గట్టిపడే మరో రకం రెజిన్‌కు మారాను. ఎన్నో సీజన్లు ఉప్పునీళ్లలో నానినా ఆ అతుకుల అంచులు ఇంతవరకు లేవలేదు.

అయితే ఇందులో ఎపాక్సీ గొప్పతనం సగమే. మిగతా సగం పాత ఫైబర్‌ను ఎంత బాగా తీశామన్నదాంట్లో ఉంది. ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 వరకు వేట నిషేధం కాబట్టి తొందరేమీ ఉండదు. మంచినీళ్లతో కడిగి, బాగా ఎండనిచ్చి, గ్రైండర్ పెట్టకముందే అసిటోన్‌తో తుడవాలి. లేకపోతే డీజిల్ జిడ్డును మనమే లోపలికి రుద్దినట్టవుతుంది. తర్వాత రూపాయి బిళ్లతో అడుగంతా కొట్టి చూడాలి. గట్టిగా ఉన్నచోట టక్‌మని మోగుతుంది, పొర విడిపోయిన చోట బోలుగా వినిపిస్తుంది. ఆ బోలు మేరంతా సుద్దతో గీసుకుని, గ్రైండర్‌కు బిగించే 36 లేదా 40 గ్రిట్ (బాగా గరుకైన) ఫ్లాప్ డిస్క్‌తో తెల్లబడ్డ పోగులు ఒక్కటి కూడా మిగలకుండా తీసేయాలి. అంచును నిటారుగా వదలకూడదు. లోతుకు పన్నెండు రెట్ల వెడల్పున ఏటవాలుగా చెక్కాలి. 5 మిల్లీమీటర్ల లోతు ఉంటే చుట్టూ 60 మిల్లీమీటర్లు. "బాగున్నదాన్ని ఎందుకు పాడుచేస్తావ్?" అంటారు చూసేవాళ్లు. అతుకు పట్టు అంతా ఆ వాలులోనే ఉంది.

ఆ దుమ్ముకు ముఖానికి రుమాలు చాలదు, సరైన మాస్క్, కళ్లద్దాలు, పొడుగు చేతుల చొక్కా కావాలి. ఇంజన్ బిగించే వెనుక చెక్క నానిపోయి ఉంటే పైన ఎన్ని పొరలు వేసినా దండగే, చెక్క మార్చాల్సిందే.

ఎపాక్సీతో మామూలు మ్యాట్ వాడకండి. దాని పోగులను పట్టి ఉంచే జిగురు పాలిస్టర్‌లోని స్టైరీన్ అనే ద్రావకంలో కరుగుతుంది, ఎపాక్సీలో కరగదు. గాజు పోగుల నేత గుడ్డే వాడాలి. పాలిస్టర్‌కైతే హార్డనర్ కాస్త అటూ ఇటూ అయినా నడుస్తుంది, ఎపాక్సీ పాళ్లు మాత్రం తూకం ప్రకారమే ఉండాలి. మే ఎండలో డబ్బాలో ఎక్కువ కలిపితే చేతిలోనే వేడెక్కి ముద్దవుతుంది. పొద్దున్నే, కొంచెం కొంచెంగా, వెడల్పాటి పళ్లెంలో కలపాలి. గట్టిపడ్డాక పైన జిడ్డులాంటి పొర కనిపిస్తే నీళ్లతో రుద్ది కడిగి, గరుకు చేశాకే మళ్లీ పూయాలి.

లోపాలూ ఉన్నాయి. ఖర్చు పాలిస్టర్ కన్నా చాలా ఎక్కువ. ఎండకు చెడిపోతుంది కాబట్టి రంగు తప్పనిసరి, మామూలు జెల్‌కోట్ (ఫైబర్ పడవ పైన ఉండే మెరుపు పూత) దానిమీద సరిగా పట్టదు. ఇసుక రాపిడిని కూడా ఎపాక్సీ ఆపలేదు, అందుకే మధ్య పట్టెకు అదనంగా ఒక పొర వేసుకుంటున్నాను. పడవను జెట్టీ దగ్గరే కట్టుకునేవాళ్లకు ఆ పొర అక్కర్లేదు.