రెట్రోఆర్క్‌తో పద్నాలుగు నెలలు: ఒక్క సెట్టింగు కోసం

పాత వీడియో గేములని కంప్యూటర్‌లో ఆడించే ఎమ్యులేటర్ (పాత గేమ్ సెట్‌ని అనుకరించే ప్రోగ్రాం) రెట్రోఆర్క్. దాన్ని ఎలా దించుకోవాలి, కోర్‌లు, అంటే ఒక్కో రకం సెట్‌ని అనుకరించే భాగాలు, ఎలా ఎక్కించాలి అన్నది ఈపాటికి అందరికీ తెలిసిందే. వీడియోలు బోలెడున్నాయి. నేను చెప్పేది దాని మెనూలో ఎక్కడో అడుగున ఉన్న 'డెండీ' అనే మాట గురించి. అది దొరక్కపోయి ఉంటే మొదటి నెలలోనే దీన్ని తీసి పారేసేవాణ్ని.

మాది అమలాపురం. 1995 వేసవిలో నాన్నగారు గడియార స్తంభం దగ్గర టీవీ గేమ్ సెట్ కొన్నారు. పసుపు రంగు క్యాసెట్, దాని మీద లక్షల గేములని అంకె, లోపల చూస్తే అవే పాతికో ముప్ఫయ్యో తిరిగి తిరిగి వచ్చేవి. మేనత్త కొడుకు, నేను ఆ మారియో, కాంట్రా, ట్యాంకులే పొద్దస్తమానం ఆడాం. 1996 నవంబరు తుపాను తర్వాత ఎట్టకేలకు కరెంటొచ్చిన రోజున ఆత్రంగా ప్లగ్గు పెడితే అడాప్టరు మాడిపోయింది. ఆ కథ అక్కడితో సరి.

ఇన్నేళ్లకి, మూలపడిన డెస్క్‌టాప్‌ని దులిపి ఇది పెట్టి, మొదటి ఆదివారమే బావని పిలిచాను. మారియో మొదలైంది. రంగులు అవే, ఇటుకలు అవే. రెండు నిమిషాలు ఆడి జాయ్‌స్టిక్ పక్కన పెట్టేశాడు.

"ఇది మనది కాదు బావా. పాట చూడు, బస్సు తప్పిపోతుందన్నట్టు పరిగెడుతోంది."

"మనకి వయసొచ్చింది, అది అలాగే ఉండేది" అన్నాను గానీ, నాకూ అలాగే అనిపించింది. ఆటలో చెయ్యి కూడా అందడం లేదు. చిన్నప్పుడు కళ్లు మూసుకుని దాటిన గోతిలో మూడుసార్లు పడ్డాను.

తర్వాత వారం రోజులు కనపడిన సెట్టింగల్లా కెలికాను. చివరికి తెలిసిందేమిటంటే, ఆ కాలం ఆటల్లో చాలావాటికి టీవీయే గడియారం. తెర మీద బొమ్మ ఒకసారి గీస్తే ఆట ఒక అడుగు, పాట ఒక అడుగు ముందుకు వేస్తాయి. జపాన్, అమెరికా టీవీలు సెకనుకి 60 సార్లు గీసేవి. మన టీవీలు పాల్ పద్ధతివి, 50 సార్లే. మారియో 1985లో జపాన్‌లో తయారైంది కాబట్టి ఎమ్యులేటర్ మామూలుగా దాన్ని 60 మీదే నడుపుతుంది. న్యాయంగా అదే అసలు వేగం. కానీ మా ఇంట్లో ఆ అసలు వేగం ఎవరు చూశారు?

సరే, పాల్ అని పెట్టి చూశాను. నెమ్మదించింది, కానీ పాట గొంతు జలుబు చేసినట్టు దిగిపోయింది. మా సెట్ల లాంటి నకళ్లకి అసలైన నింటెండో సెట్‌ని యూరప్‌లో అమ్మినప్పుడు దాని ప్రాసెసర్ వేగం కూడా 1.66 మెగాహెర్ట్జ్‌కి తగ్గించారట, అందుకని శ్రుతి కూడా దిగుతుంది. ఆ జాబితాలోనే దాని కింద డెండీ ఉంది. అదేదో గేము పేరనుకున్నాను. 1992లో రష్యాలో అమ్మకానికి వచ్చిన నకలు సెట్ పేరట. ఈ జాతి సెట్లలో తెర 50కి తగ్గినా ప్రాసెసర్ మాత్రం 1.77 దగ్గర, అంటే అసలుకి వెంట్రుకవాసి తేడాలో నడుస్తుంది. శ్రుతి నిలబడుతుంది, లయ మాత్రమే తగ్గుతుంది.

నెస్టోపియా కోర్‌లో రీజియన్ డెండీ చేసి ఆటని మళ్లీ మొదలుపెట్టాను. రాత్రి పదకొండయింది, సౌండు తగ్గించి పెట్టుకున్నాను. నాలుగు స్వరాలు వినగానే మా పాత ఇంటి నాపరాళ్ల చల్లదనం కాళ్లకి తెలిసింది. అబద్ధం కాదు. బావకి ఫోన్ చేసి వినిపిస్తే అవతల కాసేపు మాట లేదు. తర్వాత "రేపొస్తాను" అన్నాడు.

నమ్మకం లేనివాళ్లు ఫోన్‌లో స్టాప్‌వాచ్ పెట్టి చూసుకోండి. మారియో మొదటి లెవెల్లో కదలకుండా నిలబడితే పైన 400 అంకె సున్నాకి రావడానికి మామూలు వేగంలో రెండు నిమిషాల నలభై సెకన్లు, డెండీలో మూడు నిమిషాల పన్నెండు సెకన్లు పడుతుంది. మేం చిన్నప్పుడు ఊరికే గొప్ప ఆటగాళ్లం కాలేదన్నమాట, అర నిమిషం అదనంగా ఉండేది.

ఇక్కడిదాకా చదివి ఎగబడకండి. మానిటర్ 60 హెర్ట్జ్‌లో ఉంటే 50తో నడిచే ఆట పక్కకి జరిగేటప్పుడు గతుకుల రోడ్డు మీద ఆటోలా కుదుపుతుంది. నా పాత మానిటర్ 50 ఒప్పుకోలేదు. హాల్లో టీవీకి హెచ్‌డీఎంఐ తీగ లాగి, అక్కడ 50 పెట్టాక గానీ నున్నగా రాలేదు. ఇంకొకటి, ఆ పసుపు క్యాసెట్లోని మార్చేసిన గేములు రెట్రోఆర్క్ ఫైళ్లు వెతికే మామూలు స్కాన్‌కి దొరకవు, ఎందుకంటే దాని దగ్గరున్న జాబితాతో ఫైలు సరిపోలాలి. మాన్యువల్ స్కాన్ చెయ్యాలి.

కరెంటు సంగతి వేరే చెప్పాలి. మొన్న వానాకాలంలో మా అమ్మాయి పొద్దున్నుంచి జెల్డా ఆడుతోంది, ఆటలోనే సేవ్ కూడా చేసుకుంది. సాయంత్రం కరెంటు పోయింది. ఇన్వర్టర్ అందుకునేలోపే కంప్యూటర్ ఆగిపోయింది. మళ్లీ పెడితే సేవ్ లేదు. ఆటని సరిగ్గా మూస్తేనే ఆ సేవ్ డిస్కు మీదకి వెళుతుందని అప్పుడు తెలిసింది. సేవింగ్ మెనూలో సేవ్‌రామ్ ఆటోసేవ్ ఇంటర్వెల్ అని ఉంది, ఆ సేవ్‌ని ఇన్ని సెకన్లకోసారి డిస్కు మీద రాసేది, నా దాంట్లో ఆఫ్‌లో ఉంది. ఇప్పుడు పది సెకన్లు పెట్టాను. ఇంకోసారి కరెంటు పోయొచ్చాక మారియో పెడితే పాట మళ్లీ పరుగందుకుంది. కిందటి రోజు సెట్టింగులన్నీ కొత్తగా సర్దుకుని, ఆటని మూయకుండా కంప్యూటర్‌ని అలాగే వదిలేశాను, డెండీతో సహా అవీ పోయాయి. అప్పట్నుంచి ఏది మార్చినా కోర్ ఆప్షన్స్‌లో ఆ గేముకి విడిగా సేవ్ చేసి, బయటికొచ్చి మళ్లీ లోపలికి వెళ్లి చూసుకుంటున్నాను. పద్నాలుగు నెలల్లో నన్ను ఏడిపించింది ఇదొక్కటే, సగం తప్పు చదవకుండా దూకిన నాది.

కొనాల్సిన పని లేదు, ఉచితం. మీరు మా ఈడువాళ్లయి, ఇక్కడి సెట్ల మీద ఆడి ఉంటే, 50 ఒప్పుకునే టీవీ ఉంటే తప్పకుండా చూడండి. మా అమ్మాయికైతే ఇదంతా గోల. "నాన్నా, నీ మారియో నిద్రపోతున్నాడు" అని తన గేములన్నీ 60లోనే ఉంచుకుంది. బావ కూడా తన ల్యాప్‌టాప్‌లో ఇవే సెట్టింగులు పెట్టించుకున్నాడు గానీ, ఆ తెర 60 నుంచి దిగదు, కుదుపు పోదు. అందుకని ఆదివారం మధ్యాహ్నాలు భోజనమయ్యాక మా హాల్లోనే కూర్చుంటున్నాం. మొదటి జాయ్‌స్టిక్ ఎవరిదన్న గొడవ మాత్రం ఇంకా తేలలేదు.