దిగిపోయాక ఏది మేలు: జాకీ విల్సన్ దారా, ఎరిక్ బ్రిస్టో దారా?

2025 జనవరిలో ల్యూక్ లిట్లర్ అనే పదిహేడేళ్ళ కుర్రాడు లండన్‌లో ప్రపంచ డార్ట్స్ టైటిల్ కొట్టి 5 లక్షల పౌండ్లు పట్టుకెళ్ళాడు. 1989లో ప్రపంచ ఛాంపియన్‌గా నిలిచిన మనిషికి దక్కింది 20 వేలు. ఆ మనిషి జాకీ విల్సన్. స్కాట్లాండ్‌లోని కర్కాడీలో బొగ్గు గనిలో పనిచేసినవాడు. రెండుసార్లు ప్రపంచ ఛాంపియన్. రెండో టైటిల్ గెలిచిన తొమ్మిదేళ్ళకు దివాలా. పోయేదాకా ఇంచుమించు గడప దాటలేదు. అతని గురించి ఎవరు చెప్పినా 'అయ్యో పాపం'తో మొదలుపెట్టి అక్కడే ఆపేస్తారు.

ఆ మాటతో నాకు కొంచెం పేచీ ఉంది. వేదిక దిగిపోయాక ఎలా బతకాలన్నది జాకీ ఒక్కడి సమస్య కాదు. అతనితో పోటీపడ్డ ఎరిక్ బ్రిస్టోకూ అదే పరిస్థితి ఎదురైంది. తర్వాతి తరంలో ఆండీ ఫోర్డమ్‌కూ ఎదురైంది. ఒకడు తలుపేసుకున్నాడు, ఒకడు మైకు పట్టుకున్నాడు, మూడోవాడు మళ్ళీ మళ్ళీ బోర్డు ముందుకే వచ్చాడు. ముగ్గురినీ పక్కపక్కన పెడితే 'పాపం' ఎవరికి వర్తిస్తుందో అంత సులువుగా తేలదు.

డార్ట్స్ తెలియనివాళ్ళకు రెండు ముక్కలు. బోర్డుకు 2.37 మీటర్ల దూరంలో గీత. 501తో మొదలుపెట్టి, గుచ్చుకున్న అంకెలు తీసేసుకుంటూ సరిగ్గా సున్నాకు రావాలి. చివరి డార్ట్ 'డబుల్' అనే సన్నటి పట్టీలోనో, బోర్డు నట్టనడుమ చుక్కలోనో పడాలి. ఆ పట్టీ వెడల్పు సుమారు 8 మిల్లీమీటర్లు. పరుగూ లేదు, చెమటా లేదు. అందుకే బ్రిటన్‌లో దీన్ని చాలాకాలం తాగుబోతుల ఆటగానే చూశారు. కానీ గెలుపు అంచున, వేలమంది అరుస్తుంటే, చెయ్యి వణక్కుండా ఆ 8 మిల్లీమీటర్లలో గుచ్చడం అంటే మాటలు కాదు. ఆ టెన్షన్ తట్టుకోవడానికే చాలామంది గ్లాసు పట్టుకున్నారు.

జాకీ 1950లో పుట్టాడు. తల్లిదండ్రులు పిల్లల్ని చూసుకోలేరని అధికారులు తేల్చడంతో చిన్నతనంలో చాలాకాలం అనాథాశ్రమంలోనే గడిచింది. కొన్నాళ్ళు సైన్యంలో ఉన్నాడు. ఇంటింటికీ బొగ్గు వేశాడు, చేపల పనికి వెళ్ళాడు, సీఫీల్డ్ గనిలో దిగాడు. పని లేక ఖాళీగా ఉన్న రోజుల్లో ఎయిర్ పట్టణం దగ్గర బట్లిన్స్ హాలిడే క్యాంపులో పెట్టిన పోటీలో 500 పౌండ్ల బహుమతి కొట్టాడు. ఆ ధైర్యంతోనే ఇదే బతుకుదెరువు చేసుకుందామని బయలుదేరాడు. 1982లో స్టోక్‌లోని జాలీస్ క్లబ్బులో ఫైనల్లో జాన్ లో అనే ఆటగాణ్ణి 5-3తో ఓడించి, ప్రపంచ టైటిల్ అందుకున్న మొదటి స్కాట్‌లాండ్ వాడయ్యాడు.

చూడ్డానికి పొట్టి, లావు. ఇరవై ఎనిమిదేళ్ళకే నోట్లో పన్ను లేదు. 1982 గెలుపు తర్వాత 1,200 పౌండ్లు పోసి పళ్ళ సెట్టు కట్టించుకున్నాడు కానీ అది అతనికి పడలేదు, తీసి పక్కన పెట్టాడు. డార్ట్ విసిరేటప్పుడు చెయ్యి ఒక్కటే కదిలేది కాదు, ఒళ్ళంతా గీత మీదుగా ముందుకు ఉరికేది. శిక్షణ ఇచ్చేవాళ్ళు ఎవరూ పిల్లలకు నేర్పని పద్ధతి అది. అలాగే విసిరి ప్రపంచ ఫైనల్‌కు వెళ్ళిన రెండుసార్లూ గెలిచాడు.

బ్రిస్టో దీనికి పూర్తిగా తిరగేసిన మనిషి. లండన్ కుర్రాడు, తండ్రి గోడలకు ప్లాస్టరింగ్ చేసేవాడు, తల్లి టెలిఫోన్ ఆపరేటర్. అంటే ఇతనూ పనివాళ్ళ ఇంటి బిడ్డే, కానీ ఇతని వెనక ఇల్లంటూ ఒకటుంది. సన్నగా, పొడుగ్గా ఉండేవాడు. చిటికెన వేలు గాల్లోకి లేపి, రాజుగారు టీ తాగుతున్నంత నాజూగ్గా విసిరేవాడు. 1980 నుంచి 1986 లోపు అయిదు ప్రపంచ టైటిళ్ళు. నోరు కూడా చేతికి తగ్గట్టే ఉండేది. ఎదుటివాణ్ణి మాటలతోనే సగం ఓడించేవాడు. జనం ఈలలు వేసి గేలిచేస్తే అదే అతనికి ఊపు.

ఇద్దరిలో ఎవరు గొప్ప ఆటగాడంటే వాదన అక్కర్లేదు, బ్రిస్టోనే. పది ప్రపంచ ఫైనల్స్ ఆడిన మనిషి. నేను అడిగేది అది కాదు. చెయ్యి మాట వినడం మానేశాక ఏం చేశారన్నదే నా ప్రశ్న. బ్రిస్టోకు ఆ రోజు చాలా తొందరగా వచ్చింది. 1986 ప్రాంతంలో 'డార్టైటిస్' పట్టుకుంది. చెయ్యి లేస్తుంది, గురి కుదురుతుంది, డార్ట్ మాత్రం వేళ్ళనుంచి వదలదు. వదలాలని మెదడు చెబుతుంటే వేళ్ళు బిగుసుకుపోతాయి. ముప్పై ఏళ్ళకే ఛాంపియన్ వేదికమీద అలా నిలబడి మళ్ళీ మళ్ళీ చెయ్యి ఊపడం లక్షలమంది టీవీలో చూశారు. అయినా ఆడుతూనే ఉన్నాడు. ఆ జబ్బుతోనే మరో నాలుగు ప్రపంచ ఫైనల్స్‌కు వచ్చాడు, నాలుగూ ఓడాడు. అందులో ఒకటి జాకీ చేతిలోనే.

ఈలోగా బ్రిస్టో ఇంకో తెలివైన పని చేశాడు. స్టోక్‌లో పింగాణీ ఫ్యాక్టరీలో టాయిలెట్ హ్యాండిళ్ళు తయారుచేసే ఫిల్ టేలర్ అనే కార్మికుడిలో సరుకుందని కనిపెట్టి 10 వేల పౌండ్లు అప్పిచ్చాడు. ఉద్యోగం మానేసి ఆట మీద పడమన్నాడు. 1990 ఫైనల్లో అదే టేలర్ గురువును 6-1తో చిత్తుచేశాడు. దాంతో కలిపి శిష్యుడు మొత్తం 16 ప్రపంచ టైటిళ్ళు కొట్టాడు. ఆట పోయినా 'టేలర్‌ను తయారుచేసినవాడు' అన్న పేరు బ్రిస్టోకు మిగిలింది. ఆ పేరుకు నోరు తోడై స్కై టీవీలో వ్యాఖ్యాతగా కూర్చోబెట్టింది.

జాకీకి ఇవేవీ లేవు. డబ్బు విషయం కాస్త ఆగి చూడాలి, ఎందుకంటే తాగుడే అతన్ని ముంచిందని అందరూ తేలిగ్గా తేల్చేస్తారు. తాగుడు నిజమే. వేదికమీదే వోడ్కా, సిగరెట్టు. 1984 సెమీఫైనల్లో డేవ్ విట్‌కాంబ్ చేతిలో ఓడాక నిలబడలేక తూలి పడిపోయాడు. కానీ అతను శిఖరం మీద ఉన్నప్పుడే ఆట కింద నేల కదిలిపోతోంది. 1980ల చివరికి ఐటీవీ డార్ట్స్‌ను వదిలేసింది. బీబీసీ ప్రపంచ ఛాంపియన్‌షిప్ ఒక్కటి ఉంచుకుని మిగతావి కట్ చేసింది. టీవీ లేకపోతే స్పాన్సర్లు రారు, స్పాన్సర్లు లేకపోతే బహుమతులు పెరగవు. 1993లో పదహారుమంది ఆటగాళ్ళు పాత సంఘంతో తెగతెంపులు చేసుకుని కొత్తదాన్ని నిలబెట్టారు. అందులో జాకీ, బ్రిస్టో ఇద్దరూ ఉన్నారు. 2025లో లిట్లర్‌కు 5 లక్షలిచ్చిన సంస్థ అదే. మొక్క నాటినవాళ్ళలో జాకీ ఒకడు, కాయలు తినలేదు. అతను పనిచేసిన సీఫీల్డ్ గని కూడా 1988లోనే మూతపడింది. వెనక్కి పోదామన్నా పాత పని లేదు.

నాలుగు రాళ్ళు వెనకేసుకోలేదని నింద వేయడం సులువే. నలభై దాటేసరికి పోటీలు అడుగంటిపోతాయని ఆ రోజుల్లో ఎవరనుకున్నారు? అతని పేరుతో కంప్యూటర్ గేమ్ కూడా వచ్చింది. 1982లో బీబీసీ సంగీత కార్యక్రమంలో డెక్సీస్ మిడ్‌నైట్ రన్నర్స్ బృందం అమెరికన్ గాయకుడు జ్యాకీ విల్సన్ మీద పాట పాడుతుంటే, వెనక తెరమీద ఈ డార్ట్స్ జాకీ బొమ్మ వేశారు. పొరపాటా, వేళాకోళమా అని ఇప్పటికీ వాదించుకుంటారు. దేశమంతా మొహం గుర్తుపట్టేది, చేతిలో మాత్రం పెద్దగా మిగల్లేదు.

1995 డిసెంబర్ చివర్లో ఎవరికీ చెప్పాపెట్టకుండా ఆట మానేశాడు. షుగర్ వ్యాధి పట్టుకుంది. 1998లో దివాలా. కర్కాడీలో కౌన్సిల్ అద్దెకిచ్చే చిన్న ఫ్లాట్‌లో, ప్రభుత్వం ఇచ్చే వైకల్య భత్యం మీద బతికాడు. పత్రికలవాళ్ళు తలుపు కొడితే తీయలేదు. 2009లో ఊపిరితిత్తుల జబ్బు బయటపడింది. 2012 మార్చి 24న, 62వ పుట్టినరోజు దాటిన రెండు రోజులకు, ఇంట్లోనే పోయాడు.

ఇక ఆండీ ఫోర్డమ్. ఇతని సంగతి క్లుప్తంగానే చెబుతాను, నాకు చూడబుద్ధి కాని కథ. డార్ట్‌ఫర్డ్‌లో పబ్ నడిపేవాడు. మ్యాచ్‌కు ముందు పాతిక సీసాల బీరు తాగేవాడు. 2004లో ప్రపంచ ఛాంపియన్. అదే ఏడాది టేలర్‌తో పెట్టిన ప్రత్యేక మ్యాచ్‌లో ఊపిరాడక మధ్యలోనే తప్పుకున్నాడు. బరువు తగ్గించే టీవీ షోలో కనిపించాడు. 2007లో మొదటి రౌండ్ మ్యాచ్‌కు ముందు కుప్పకూలాడు. తాగుడు మానేశాడు, బరువు బాగా తగ్గాడు, మళ్ళీ వచ్చి ఆడాడు. జనం అతన్ని ప్రేమగానే చూశారు. కాకపోతే అతని జబ్బు కూడా షోలో భాగమైపోయింది. 2021లో, 59 ఏళ్ళకు పోయాడు.

ఇప్పుడు తూకం వేద్దాం. కడుపు నిండే లెక్కలో బ్రిస్టో దారే మేలు, సందేహం లేదు. ఎంబీఈ బిరుదు, టీవీ ఉద్యోగం, తిరగడానికి ఎగ్జిబిషన్ మ్యాచ్‌లు. కానీ దానికీ ఒక ధర ఉంది. తనకు అన్నం పెట్టిన నోరే చివరికి తన మీద పడింది. 2016లో ఫుట్‌బాల్ శిక్షకులు పిల్లలపై చేసిన లైంగిక దాడుల గురించి బాధితులనే కించపరుస్తూ ట్వీట్లు పెట్టాడు. క్షమాపణ చెప్పాడు కానీ స్కైలో ఉద్యోగం నిలవలేదు. 2018 ఏప్రిల్ 5న లివర్‌పూల్‌లో ప్రీమియర్ లీగ్ డార్ట్స్ జరుగుతున్న హాలు బయట గుండెపోటుతో పడిపోయాడు. వయసు 60. లోపల వార్త తెలిసి ప్రేక్షకులు అతని పేరుతో పాట అందుకున్నారు. అయిదు టైటిళ్ళు కొట్టినవాడూ, దివాలా తీసినవాడూ బతికిన ఏళ్ళు దాదాపు సమానమే. జాకీయే ఓ ఏడాది ఎక్కువ బతికాడు.

మానం మర్యాద లెక్కలో నేను జాకీ వైపు. అతను దాక్కున్నాడంటారు. నాకైతే అలా అనిపించదు. పళ్ళు లేని మొహాన్నీ, వోడ్కా గ్లాసునూ, తూలి పడిపోవడాన్నీ పదిహేనేళ్ళు దేశం చూసి నవ్వింది. 1982లో అర్జెంటీనాతో బ్రిటన్‌కు ఫాక్‌లాండ్స్ యుద్ధం వచ్చినప్పుడు అతని భార్య అర్జెంటీనా మనిషి కావడం కూడా అతనికి నరకమైంది. ఆ ఏడాదే ఒక అధికారి మీద చెయ్యెత్తి శిక్ష పడింది. అంత చూపించాక ఇక చాలనుకునే హక్కు అతనికి లేదా? ఒక్క ఇంటర్వ్యూ ఇస్తే డబ్బొచ్చేది. దివాలా తీసిన మనిషి దాన్నీ వద్దన్నాడంటే అది ఓటమి కాదు, మొండితనం. గీత మీదుగా ఉరికినప్పుడు ఉన్న మొండితనమే.

అయితే అతన్ని పొగడబోయి అతని కష్టాన్ని అలంకారం చేయను. తలుపేసుకున్నాక మందు, సిగరెట్టు, ఒంటరితనం లోపలే ఉంటాయి. ఒక కుర్రాడు ఇవాళ నన్ను అడిగితే బ్రిస్టోలాగా ఇంకొకణ్ణి తయారుచేసుకో, ఆటకు ఏదో ఒక మూల అంటిపెట్టుకో అనే చెబుతాను. ఫోర్డమ్ దారి మాత్రం ఎవరికీ చెప్పను. జాకీకి ఆ ఎంపికే లేదని మాత్రం మరిచిపోకూడదు. అప్పివ్వడానికి 10 వేలు మిగిలిన మనిషికే శిష్యులు దొరుకుతారు. 2009 డిసెంబర్‌లో గ్లాస్గోలో జాకీ విల్సన్ కప్ అని స్కాట్లాండ్‌కూ ఇంగ్లండ్‌కూ మధ్య పోటీ పెట్టారు. అతను బతికుండగానే. ఇంగ్లండే గెలిచింది. కొత్త డబ్బుతో వెలిగిపోతున్న సంస్థ పాతవాడికి ఇచ్చింది ఒక కప్పు మీద పేరు.

చివరగా, ఒక్క మ్యాచే చూసే తీరిక ఉంటే 1982 ఫైనలా, 1989 ఫైనలా? చాలామంది మొదటిదే అంటారు, గని కార్మికుడి గెలుపు కదా అని. నేను 1989 అంటాను. 1982లో బ్రిస్టో మొదటి రౌండ్‌లోనే స్టీవ్ బ్రెన్నన్ చేతిలో ఓడిపోవడంతో జాకీ అతన్ని ఎదుర్కోవాల్సి రాలేదు. లేక్‌సైడ్ క్లబ్బులో జరిగిన 1989 ఫైనల్లో ఎదురుగా ఉన్నది బ్రిస్టోనే. అప్పటికే డార్టైటిస్ ఉందన్నది నిజమే, కానీ ఆ మ్యాచ్‌లో తర్వాత జరిగింది చూస్తే ఆ సాకు నిలవదు. జాకీ 5-0 ఆధిక్యంలోకి వెళ్ళాడు, ఇంకొక్క సెట్టు చాలు. అక్కడ్నుంచి బ్రిస్టో వరసగా నాలుగు సెట్లు లాగేశాడు. 5-4. పదో సెట్లో జాకీ తేల్చేశాడు, 6-4. వీడియో దొరికితే మొదటి అయిదు సెట్లు కాస్త ముందుకు జరిపినా ఫరవాలేదు, ఆరో సెట్టునుంచి మాత్రం వదలకండి.