సోర్స్ కోడ్‌తో సహా సాఫ్ట్‌వేర్ కొంటున్నారా? టార్గెట్ ఫోల్డర్ తీసేసి బిల్డ్ చేయించాకే చివరి డబ్బు ఇవ్వండి

చీమకుర్తి, ఒంగోలు పక్క వ్యాపారం చేస్తూ సొంతంగా బిల్లింగ్ సాఫ్ట్‌వేర్ రాయించుకుంటున్న వాళ్లందరూ ఇది తప్పకుండా చదవండి.

రెండేళ్ల క్రితం మా గ్రానైట్ బ్లాకుల బిల్లింగ్ కోసం ఒకరి చేత జావాలో సాఫ్ట్‌వేర్ రాయించుకున్నాం. సోర్స్ కోడ్ (మనిషి రాసిన అసలు ప్రోగ్రామ్) మొత్తం మాకే ఇవ్వాలన్న షరతు మీద లక్షా ఎనభై వేలు ఇచ్చాం. జిప్ ఫైల్ తెచ్చి, మా ఆఫీసులోనే బిల్డ్ చేసి, అంటే ఆ కోడ్‌ని నడిచే సాఫ్ట్‌వేర్‌గా మార్చి చూపించారు. బిల్లు సరిగ్గా వచ్చింది. మిగిలిన డబ్బు అదే రోజు ఇచ్చేశాం.

2025 సెప్టెంబర్ 22 నుంచి బ్లాకుల మీద జీఎస్టీ 12 శాతం నుంచి 5 శాతానికి తగ్గింది కదా. మా సాఫ్ట్‌వేర్‌లో ఆ రేటు కోడ్‌లోనే రాసేసి ఉంది. అదీ తప్పే, సెట్టింగుల్లో ఉండాల్సింది. హైదరాబాద్‌లో ఉద్యోగం చేసే మా మేనల్లుడు ముందురోజు ఆదివారం వచ్చి అంకె మార్చి, మేవెన్ అనే బిల్డ్ టూల్‌లో పాత బిల్డ్ ఫైళ్లు తీసేసే 'మేవెన్ క్లీన్' కమాండ్ కొట్టి మళ్లీ బిల్డ్ చేశాడు. ఎర్రర్ ఒక్కటి కూడా రాలేదు.

బుధవారం కొనుగోలుదారు ఫోన్ చేశాడు. 300, 180, 160 సెంటీమీటర్ల బ్లాకుకి మా ఒప్పందం ప్రకారం అలవెన్స్ (ప్రతి కొలతలో తగ్గించే సెంటీమీటర్లు) తీసేస్తే 290, 175, 155 పడాలి. అంటే 7.866 క్యూబిక్ మీటర్లు. బిల్లులో మాత్రం 8.64 పడింది. అప్పటికే నాలుగు బిల్లులు అలా వెళ్లిపోయాయి. ఇరవై ఏళ్లుగా మా దగ్గరే కొంటున్న మనిషి, ఒక్క మాట గట్టిగా అనలేదు. అదే నాకు ఎక్కువ బాధ వేసింది.

మేనల్లుడు రాత్రంతా వెతికి చెప్పాడు: "మామయ్యా, అలవెన్స్ లెక్క వాళ్లు అసలు సోర్స్‌లో రాయలేదు. టార్గెట్ లోపల జనరేటెడ్ సోర్సెస్‌లో రాశారు."

ఇక్కడ కొంచెం ఓపిగ్గా చదవండి. మేవెన్‌లో మనిషి రాసే కోడ్ 'ఎస్‌ఆర్‌సీ/మెయిన్/జావా'లో ఉండాలి. స్కీమా ఫైల్ (డేటా ఏ రూపంలో ఉండాలో చెప్పే ఫైల్) చూసి టూల్ తనంతట తాను తయారుచేసే కోడ్ 'టార్గెట్/జనరేటెడ్-సోర్సెస్'లోకి వెళ్తుంది. టార్గెట్ అంటే ఎప్పుడు పోయినా మళ్లీ పుట్టించుకోగల సరుకు ఉండే చోటు. క్లీన్ కొడితే ఆ ఫోల్డర్ మొత్తం పోతుంది, పోవాలి కూడా. కోడ్ పాత కాపీలు దాచే గిట్‌లో సాధారణంగా దాన్ని చేర్చరు కాబట్టి అక్కడా పాత కాపీ దొరకదు. మేవెన్ లాంటిదే ఇంకో టూల్ గ్రేడిల్‌లో అయితే 'బిల్డ్' ఫోల్డర్‌ది ఇదే పరిస్థితి. మా ఫైళ్లు తయారుచేసిన టూల్ పేరు జాక్స్‌బీ. స్కీమా మళ్లీ కంపైల్ చేస్తే ఇందులో చేసిన మార్పులు పోతాయని అది ప్రతి ఫైల్ పైనా రాసిపెడుతుంది. ఆ మాట కిందే వాళ్లు చేత్తో లెక్క రాశారు. స్కీమా మారనంత కాలం ఆ టూల్ కోడ్‌ని మళ్లీ తయారుచేయలేదు, వాళ్లు ఎప్పుడూ క్లీన్ కొట్టలేదు. అందుకే రెండేళ్లు బయటపడలేదు.

ఫోన్ చేస్తే "క్లీన్ కొట్టమని మీకు ఎవరు చెప్పారు సార్?" అన్నారు. మళ్లీ రాయడానికి నలభై వేలు అడిగారు. ఇవ్వలేదు. అదృష్టం కొద్దీ పాత జార్ ఫైల్ (అప్పట్లో బిల్డ్ చేసిన సాఫ్ట్‌వేర్) బ్యాకప్‌లో ఉంది. మేనల్లుడు దాన్ని డీకంపైల్ చేసి, అంటే తిరిగి కోడ్‌గా మార్చి లెక్క బయటికి తీశాడు. ఏ పార్టీకి ఎంత అలవెన్స్ ఎందుకో రాసిన కామెంట్లు మాత్రం ఇక రావు. నాలుగు రోజులు పట్టింది. ఇప్పుడు ఆ లెక్క 'ఎస్‌ఆర్‌సీ'లో వేరే క్లాస్‌గా ఉంది. టూల్ తయారుచేసిన ఫైళ్లను ఎవరూ ముట్టుకోవడం లేదు.

జనరేటెడ్ కోడ్‌ని కావాలనే గిట్‌లో పెట్టుకునే వాళ్లూ ఉన్నారు, అది తప్పు కాదు. కానీ దాన్ని పుట్టించే స్కీమా ఫైళ్లు, టూల్ వెర్షన్ మీ చేతికి రావాలి. చేత్తో ఏమీ మార్చలేదని కాగితం మీద రాయించుకోండి.

చివరి విడత ఇంకా ఇవ్వని వాళ్లు, వాళ్ల సిస్టమ్ కాకుండా వేరే లాప్‌టాప్ తీసుకోండి. జిప్‌లో టార్గెట్ గానీ బిల్డ్ గానీ ఉంటే ముందు తీసేయించండి. మీ కళ్ల ముందే క్లీన్ కొట్టి బిల్డ్ చేయించి, పాత బిల్లులు ఓ పది మళ్లీ వేయించి పైసలతో సహా సరిచూడండి. ఇది మహా అయితే ఒక పూట పని. వద్దని ఎవరైనా అంటే డబ్బు ఆపండి.