కుక్కకు ఎముక క్యాన్సర్ అనుమానం: ముందు సూదా, ముక్కా?

మా భీముడు రాట్‌వీలర్, ఏడేళ్లవాడు. ముందు కాలు కుంటుతుంటే బెణుకనుకుని మూడు వారాలు నొప్పి మందులతో నెట్టుకొచ్చాం. ఆ మూడు వారాలు తలచుకుంటే ఇప్పటికీ బాధే. మణికట్టు పైన వాపు గట్టిపడ్డాక ఒడిశా సరిహద్దు ఊరు పర్లాకిమిడిలో ఎక్స్‌రే తీయిస్తే, ఎముక చెదలు తిన్నట్టుంది. పెద్ద జాతి కుక్కలకు ఆ చోట వచ్చేది ఎక్కువగా ఆస్టియోసార్కోమా అనే ఎముక క్యాన్సర్. కానీ ఫంగస్ పట్టినా ఎముక అలాగే కనబడొచ్చు. ఎక్స్‌రే ఒక్కదాన్ని నమ్మి కాలు తీయించలేం కదా.

ముక్క పరీక్ష, అంటే బయాప్సీ, కణితి ఏ రకమో బాగా తేలుస్తుంది. అయితే పూర్తి మత్తు ఇవ్వాలి, లావు సూదితో ఎముకను తొలవాలి. అసలే డొల్లబారిన ఎముక, అక్కడే విరగొచ్చు. పైగా ముక్కలోని కాల్షియం కరిగిస్తే గానీ పలుచగా కోయలేరు కాబట్టి రిపోర్టు ఆలస్యం.

సన్న సూదితో కణాలు లాగడానికి చాలాసార్లు కొద్దిపాటి మత్తు చాలు. అల్ట్రాసౌండ్‌లో ఎముక పైపొర తెగిన చోటు చూసి గుచ్చుతారు. కణాల్లో క్యాన్సర్ రూపం కనబడితే ఆల్కలైన్ ఫాస్ఫటేజ్ రంగు (ఎముకను తయారుచేసే కణాల్లోని ఓ ఎంజైమును చూపేది) వేస్తారు. రంగు పట్టిందంటే ఆస్టియోసార్కోమా అనడానికి గట్టి ఆధారం. మానుతున్న ఎముక కణాలూ ఆ రంగు పట్టుకుంటాయి, అందుకే ముందు రూపం చూడాలి. ఒక్కోసారి కణాలు చాలినన్ని రావు.

మా డాక్టరుగారు ఒడియా ఆయనే అయినా తెలుగులో ఓపిగ్గా చెప్పారు: "ముందు సూది వేద్దామండి. తేలకపోతే ముక్క ఎలాగూ ఉంది." కణాలు పూసిన గాజు స్లైడ్ల మీద పెన్సిల్‌తో పేరు రాశారు, ఇంకుతో అయితే చెరిగిపోతుందని. ఫ్యాను కింద ఆరబెట్టి డబ్బాలో పెట్టి, విశాఖ వెళ్లే మా బావమరిది చేతికిచ్చాం. ముక్కలు నిల్వ ఉంచే ఫార్మలిన్ మందు సీసా ఉన్న సంచిలో మాత్రం పెట్టకండి, ఆ ఆవిరికి స్లైడ్లు పాడై రంగు సరిగా పట్టదు.

మనలాంటి సరిహద్దు ఊళ్లవాళ్లకు సూదే ముందు మేలని నా మాట. వయసు, చోటు, ఎక్స్‌రే, కణాలు అన్నీ ఒకటే చెబితే ముక్క పరీక్ష కోసం ఆగక్కర్లేదు. కుక్క చిన్నదైనా, కణాలు అటూ ఇటూగా ఉన్నా ముక్క తీయించండి. ఏది చేయించినా ఛాతీ ఎక్స్‌రే మరవద్దు, ఈ జబ్బు ఊపిరితిత్తులకే ఎక్కువ పాకుతుంది.

భీముడికి కాలు తీశాక ఆ ఎముకనే ల్యాబుకు పంపాం. సూది చెప్పిందే అదీ చెప్పింది. వాడు ఇప్పుడు మూడు కాళ్లతోనే అరుగెక్కి పడుకుంటున్నాడు.