రేపినా, సేరోవా? రూపచిత్రం నేర్చుకునేవారికి ఎవరు మేలు?

రూపచిత్రాలు వేయడం నేర్చుకుంటున్నవారు రష్యన్ వాస్తవికవాద చిత్రకారుల్లో ముందుగా ఎవరిని అధ్యయనం చేయాలని తరచూ అడుగుతున్నారు. ఆ చర్చ ఎక్కడ మొదలైనా చివరికి ఇల్యా రేపిన్ (1844–1930), ఆయన శిష్యుడు వలెంతీన్ సేరోవ్ (1865–1911) దగ్గరికే వచ్చి ఆగుతుంది. అదే కాలపు మరో రష్యన్ చిత్రకారుడు క్రమ్‌స్కోయ్ 1873లో వేసిన టాల్‌స్టాయ్ చిత్రం గొప్పదే గాని, రంగుల విషయంలో ఆయన దగ్గర నేర్చుకోవలసింది తక్కువ.

రేపిన్ బలమంతా ఎదుటి మనిషిని చూసీ చూడగానే పట్టుకోవడంలో ఉంది. 1881 మార్చిలో పీటర్స్‌బర్గ్ సైనిక ఆసుపత్రిలో ఉన్న సంగీతకర్త ముసోర్గ్‌స్కీని ఆయన నాలుగు రోజుల్లో చిత్రించారు. రేగిన జుట్టు, ఎర్రబారిన ముక్కు, పక్కకు తిరిగిన చూపు, దేనినీ దాచలేదు, దేనినీ పెంచి చూపలేదు. మరో రెండు వారాలు గడవకముందే ముసోర్గ్‌స్కీ కన్నుమూశారని తెలిసి చూస్తే గొంతు పట్టేస్తుంది. అయితే దీన్ని చూసి సాధన చేసేవారికి కుంచె విసురు ఒక్కటే చేతికి వస్తుంది. ఆ విసురు వెనుక ఉన్న ఏళ్ల సాధన అందులో కనిపించదు.

నా దృష్టిలో తేల్చవలసిన విషయం ఇదే: ఎదుట కూర్చున్న మనిషి మీద చిత్రకారుడు ఎంత కాలం వెచ్చించాడు, ఆ కాలం మనకు ఏం నేర్పుతుంది? 1887లో, ఇరవై రెండేళ్ల వయసులో, సేరోవ్ మాస్కో దగ్గరి అబ్రామ్త్సెవో ఎస్టేటులో పదకొండేళ్ల వేరా మామొంతోవాను నెల రోజులకు పైగా కూర్చోబెట్టి ‘పీచ్ పళ్లతో బాలిక’ చిత్రాన్ని పూర్తి చేశారు. అయినా ఆ పాప ఇప్పుడే పరుగెత్తుకొచ్చి కుర్చీలో కూలబడినట్టుంటుంది. వెలుగు ఆమె వెనుక కిటికీలో నుంచి వస్తుంది కనుక ముఖం నీడలో ఉండాలి, కాని ఆ నీడలో నలుపు లేదు. గులాబీ రంగు జాకెట్టు ఛాయ గడ్డం కిందికి పాకుతుంది, తెల్లని బల్లగుడ్డ మడతల్లో లేత నీలం నిలుస్తుంది. ఈ తాజాదనం తొందరలో పుట్టింది కాదనీ, పదే పదే చెరిపి వేసుకుంటూ కాపాడుకున్నదనీ విద్యార్థి గ్రహించగలిగితే సగం చదువు అయినట్టే.

బోధన విషయానికి వస్తే ఇద్దరూ గురువులే. పీటర్స్‌బర్గ్ కళా అకాడమీలో 1894 నుంచి 1907 వరకు పాఠాలు చెప్పిన రేపిన్ దగ్గర కుస్తోదియెవ్, మాల్యావిన్ వంటివారు తయారయ్యారు. సేరోవ్‌కు పసితనంలో పారిస్‌లో రంగులు దిద్దించింది కూడా ఆయనే. రేఖ గట్టిపడటానికి ఆ కుర్రవాణ్ణి చిత్రకళ బోధించే చిస్త్యకోవ్ దగ్గరికి పంపిన పెద్దమనసూ ఆయనదే. ఇక సేరోవ్ 1897 నుంచి మాస్కో చిత్రకళా పాఠశాలలో పనిచేశారు. పెత్రోవ్-వోద్కిన్, సర్యాన్ ఆయన శిష్యులు, కాని వారి చిత్రాల్లో గురువు పోలిక వెతికినా దొరకదు. శిల్పి అన్నా గోలుబ్కినాను అక్కడ పనిచేసుకోనివ్వకపోవడంతో 1909లో ఆయన ఆ ఉద్యోగం వదులుకున్నారు.

అందుచేత, ఏదో ఒకటే చూడగల తీరిక ఉన్నవారు ‘పీచ్ పళ్లతో బాలిక’ మంచి ముద్రణ సంపాదించి ఆ బల్లగుడ్డ నీడలతో మొదలుపెట్టండి. ముసోర్గ్‌స్కీని మరుసటి ఏటికి ఉంచుకోవచ్చు.